ఇంటి మస్టరు

బిడ్డా, మొన్న మానుకోటలో స్త్రీల కూడిక అయిపోయాక నువ్వు నా చెవిలో వేసిన మాట నాకు నిద్ర లేకుండా చేసింది. "పెద్దమ్మా, మా ఇద్దరికీ కొట్లాటేం లేదు. మాటలే లేవు" అన్నావు. పెళ్ళయి రెండేళ్ళే. నువ్వు జనగామ బడిలో, అల్లుడు భూపాలపల్లి బొగ్గుబాయిలో. శనివారం బడి అయ్యాక హనుమకొండలో బస్సు మారి నువ్వు క్వార్టర్ చేరేసరికి అతను రెండో షిఫ్టులో ఉంటాడు. వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. పొద్దున లేస్తే గుడికి పరుగు, లేదంటే అతనికి ఆదివారం డ్యూటీ.

మీ పెదనాయన కూడా బాయి మనిషే కదా. మా కొత్తలో ఆదివారం డ్యూటీ, అదే ప్లేడే, దొరికిందంటే రెట్టింపు జీతమని ఎగిరి పోయేవాడు. నేనూ వద్దనలేదు, ఆ డబ్బు నాకూ తీపిగానే ఉండేది. బాయిలో ఆయన హాజరు మస్టర్లు నిండాయి, ఇంట్లో నాగాలు పడ్డాయి.

తర్వాత తర్వాత ఒకటి అలవాటైంది. ఎంత రుద్ది స్నానం చేసినా ఆయన కంటిరెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలేది. తువ్వాలు కొనకు కొబ్బరినూనె అద్ది తుడిచేదాన్ని. పది నిమిషాల పని. కళ్ళు మూసుకొని కూర్చున్న ఆ పది నిమిషాల్లోనే, బాయి లోపల పైకప్పు చప్పుడైన రోజు ఎట్లా వణికిపోయాడో చెప్పాడు. అన్నం దగ్గర ఎన్నడూ చెప్పని మాట అది.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చదువుకున్నావు కదా. కొత్తగా పెళ్ళయినవాణ్ణి ఏడాదిపాటు యుద్ధానికి పంపొద్దని, ఇంట్లో ఉండి భార్యను సంతోషపెట్టనివ్వమని ఉంది. యుద్ధానికే సెలవిచ్చిన దేవుడు ప్లేడేకి ఇవ్వడా?

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. గుడి పనులు కూడా మిమ్మల్ని తినేస్తున్నాయి. నీకు సండే స్కూలు, అతనికి క్వైరు, సాయంత్రం ఇంటింటి కూడిక. పక్కపక్కనే మోకరిస్తారు, కళ్ళు మూసుకొని. కళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకునేది ఎప్పుడే? నెలకొక సాయంత్రం కూడిక మానేయండి. పాస్టర్ అయ్యగారు అడిగితే నా పేరు చెప్పు. గణపురం చెరువు కట్టమీద కూర్చోండి. ఫోన్లు ఇంట్లో పెట్టి పోండి. మొదట్లో మాట రాదు, రాకపోతే నీళ్ళు చూడండి.

షిఫ్టుల చీటీ ఫొటో తీసి నీకు పంపమను. మొదటి షిఫ్టు వారంలో మూడింటికల్లా పైకి వస్తాడు, ఆ శనివారం నువ్వు సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కు. సోమవారం రెండో షిఫ్టయితే మధ్యాహ్నందాకా బాయి లేదు, ఆదివారం రాత్రి అతనే జనగామ రావాలి. ప్రతిసారీ నువ్వే ఎందుకు పోవాలి?

ప్లేడేలు మానితే పెళ్ళి అప్పు ఎట్లా తీరుతుందంటావు, నాకు తెలీదా! ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, ఊరంతటికీ బిర్యానీ. మానుకోట పక్కనే డోర్నకల్లో 1939లో ప్రతిష్ఠ అయిన ఆ పెద్ద గుడి కట్టించిన అజరయ్య బిషప్ గారు, 1898లో అన్బు అమ్మగారిని కట్నం లేకుండా చేసుకున్నారు. పల్లె సంఘాల్లో తాగుడుతోపాటు అప్పునూ శత్రువుగా చూసిన మనిషి. ఆయన గుడికి పోయి ఫొటోలు దిగుతాం గానీ, మేం చేసింది చూడు: మీ పెళ్ళి అప్పు తీర్చడానికి పెళ్ళికొడుకు ఆదివారాలే అమ్ముకోవాల్సి వచ్చింది. హాలు పెద్దది కావాలన్న వాళ్ళలో నేనూ ఉన్నాను.

అందుకే, నాలుగు నెలల కిస్తీలు నేను కడతా. పింఛను ఉంది, రెండు మేకలు అమ్మిన డబ్బుంది. బదులుగా నాలుగు ప్లేడేలు వదలమను. నువ్వేం చెప్పకు, అల్లుడితో నేనే మాట్లాడతా. వచ్చే వారం అతనికి ఏ షిఫ్టో అది చెప్పు చాలు.