చీటీలు

నా పనిలో తప్పుందని యెవరన్నా అంటే, ముందు నాకు అన్నోళ్ళ కులం గుర్తొస్తది. దాచుకోను. నా చదువు నేర్పిన మొదటి పాఠం అదే.

2011లో బి.యిడి. చేస్తున్నప్పుడు క్రిటిసిజం లెసన్ అని వుండేది. మనం పాఠం చెప్తుంటే తోటి విద్యార్థులు వెనక బెంచీల్లో కూచుని తప్పులు రాసేవాళ్ళు. "బోర్డు మీద అక్షరాలు కిందికి జారుతున్నాయి" అని నా గురించి వొకరు, "భాష మోటుగా వుంది, టీచరు భాష కాదు" అని యింకొకరు రాసిన్రు. తలొంచుకుని రెండూ దిద్దుకున్న. బోర్డు మీద అక్షరాలు నిలబడ్డయి. మా అవ్వ మాట నా నోట్లోంచి పోయింది. దాన్ని మళ్ళీ తెచ్చుకోడానికి పదేండ్లు పట్టింది.

మొన్న మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు వూరి మీద వెబ్‌సైట్లు తయారు చేసిన్రు. మాదిగవాడ పిల్ల వొకతె మొదటి పేజీలోనే వాళ్ళ తాత మంట మీద డప్పు కాపుతున్న ఫోటో పెట్టింది. కింద తెలుపు మీద పసుప్పచ్చ అక్షరాలు. తోటి పిల్లలు పేర్లు లేకుండా చీటీలు రాసిన్రు. వొక చీటీలో "అక్షరాలు కనబడతలేవు." యింకోదాంట్లో "ఫోన్ల సగం ఫోటోనే వస్తుంది." మూడోదాంట్లో "డప్పు ఫోటో తీసెయ్, గుడి ఫోటో పెట్టు, బాగుంటది."

"కావాలనే రాసిన్రు సార్. నేనేం మార్చ" అన్నది. మూడో చీటీ మీది కోపం మొదటి రెండిటి మీదా పడ్డది. నేను అన్నిటికీ తలూపినోణ్ణి, తను అన్నీ కాదంటున్నది. యెవర్ని తప్పు పట్టాలె?

1936లో లాహోరు జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు అంబేద్కర్‌ని అధ్యక్షుడిగా పిలిచి, ప్రసంగం చూసి, కొన్ని మార్చమన్నరు. కామా కూడా మార్చనన్నడు. సభ ఆగిపోయింది. సొంత ఖర్చుతో అచ్చేసుకున్నడు. యిది మన మీటింగుల్లో అందరం చెప్తం. తర్వాతది అంతగా చెప్పం. గాంధీ 'హరిజన్'లో దాన్ని విమర్శిస్తే, 1937 రెండో ముద్రణలో ఆ విమర్శనూ అచ్చేసి, తన జవాబునూ అచ్చేసిండు. మార్చననడం వేరు, జవాబియ్యననడం వేరు.

పిల్లను కూచోబెట్టి లెక్క చూపించిన. అక్షరం రంగుకూ వెనక రంగుకూ వెలుతురు తేడా కనీసం 4.5కి 1 వుండాలని వెబ్ ప్రమాణం. తెలుపు మీద పసుపుకు 1.07 మాత్రమే వచ్చింది. అక్షరాలు నల్లగ చేసింది. ఫోటోనూ ఫోన్లో పట్టేటట్టు సర్దింది.

మూడో చీటీ దగ్గర నేనే ఆగిపోయిన. ఆ చేతిరాత నాకు తెలుసు. అది గుడి వీధి పిల్లది కాదు. వీళ్ళ వెనకింటి పిల్లది. డప్పు తెరమీద కనబడితే తనూ కనబడతనని భయం. కాలేజీల మా నాయిన పనేందని అడిగితే వ్యవసాయమని చెప్పినోణ్ణి, ఆ భయం నేనెరుగుదును. కామా కూడా మార్చనని ఆ పిల్లకు యెట్ల చెప్పాలె?

యెవరు రాసిన్రో చెప్పలేదు. ఫోటో తీసినా సరే, వుంచినా సరే, యెందుకో మాత్రం రాయమన్న. ఆమె ఫోటో కింద తాత పేరు, డప్పు మీది తోలు యెట్లా బిగిస్తరో రాసింది. చీటీ వెనక, గుడి వీధి పిల్ల యెవరో అనుకునే, "తియ్య. మా యింటికి రా, మా తాత కొట్టి వినిపిస్తడు" అని రాసి గోడకు అంటించింది.

వెనకింటి పిల్ల నిలబడి చదివింది. పుట్టినప్పట్నుంచీ ఆ డప్పు వింటున్న పిల్ల. నేను సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగిన.