పెద్ద పేరూ, పిలుపు పేరూ

అమ్మలూ,

పుట్టబోయే బిడ్డకు వెల్ష్ పేరే పెట్టాలని మీరిద్దరూ అనుకున్నారని విని నా కడుపు నిండిపోయింది. అల్లుడుగారిది కార్మార్థెన్ దగ్గరి పల్లె. ఆ ఇంట్లో ఈనాటికీ వెల్షే మాట్లాడతారు. కాబట్టి ఈ పేరు రోజూ నలుగురి నోళ్ళలో నానేది. అందుకే ముందే చెబుతున్నాను, పెద్ద పేరు ఎంచుకునేటప్పుడే పిలుపు పేరు కూడా చూసుకోండి. ఇక్కడ వేల్స్‌లో ఏ పేరూ నిండుగా నిలవదు. నేను బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లో హాజరు పట్టీ చూసి గ్రిఫిద్ అని పిలిచేదాన్ని. తోటి పిల్లలకు వాడు గ్రిఫ్. సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి "గిటో ఏడండీ?" అని అడిగేది.

ఆ చిన్న పేర్లను మాత్రం చిన్నచూపు చూడకు. గిటో నిన్న మొన్న పుట్టిన ముద్దు కాదు. పదిహేనో శతాబ్దంలో గిటోర్ గ్లిన్ అనే గొప్ప కవి ఆ పేరుతోనే ప్రసిద్ధుడయ్యాడు. డావిద్ డై అవుతాడు, డేయో అవుతాడు. ఈవాన్ యాంటో అవుతాడు, టోమోస్ టుమ్ అవుతాడు. యొర్వెర్త్‌ను యోలో అంటారు. 1792లో లండన్‌లోని ప్రిమ్‌రోజ్ హిల్ మీద వెల్ష్ కవుల గోర్సెద్ సభను మొదలుపెట్టిన యోలో మోర్గానుగ్ అసలు పేరు ఎడ్వర్డ్ విలియమ్స్. ఎడ్వర్డ్‌కు యొర్వెర్త్‌ను వెల్ష్ రూపంగా ఎంచేవారు కనుక యోలో అయ్యాడు. ఇక మార్గెడ్ నుంచి బెగూ, మెగన్ వచ్చాయి. తర్వాత ప్రధానమంత్రి అయిన లాయిడ్ జార్జ్ 1902లో పుట్టిన కూతురికి మెగన్ అనే పేరు పెట్టుకున్నాడు. ఆమె 1929లో ఆంగ్లెసీ నుంచి గెలిచి వేల్స్‌లో తొలి మహిళా ఎంపీ అయింది. ఇప్పుడు మెగన్ తనకు తానే నిండు పేరు.

ఈ పిలుపు పేర్లకు ఇంత బలం ఎక్కడిదో నీకు తెలియాలి. పూర్వం వేల్స్‌లో ఇంటిపేర్లు లేవు. ఫలానావాడి కొడుకు ఫలానా అనేవారు. కొడుకు అనడానికి 'అప్', కూతురికి 'వెర్ఖ్'. 1536, 1543 చట్టాలతో వేల్స్ ఇంగ్లండు పాలనలో పూర్తిగా కలిసిపోయాక, ఇంగ్లీషు పద్ధతిలో కదలని ఇంటిపేర్లు క్రమంగా వచ్చాయి. 'అప్ రీస్' ప్రైస్ అయింది, 'అప్ హవెల్' పావెల్ అయింది, 'అబ్ ఓవైన్' బోవెన్ అయింది. చివరికి మిగిలిన ఇంటిపేర్లు కొద్ది. జోన్స్, విలియమ్స్, డేవిస్, ఎవాన్స్, థామస్‌లతోనే ఊళ్ళకు ఊళ్ళు నిండిపోయాయి. అందుకని పాలు పోసేవాణ్ణి పాల జోన్స్ అని గుర్తుపట్టేవారు. డిలన్ థామస్ రాసిన, 1954లో బీబీసీ ప్రసారం చేసిన రేడియో నాటకం 'అండర్ మిల్క్ వుడ్'లో రొట్టెలు కాల్చేవాడి పేరు డై బ్రెడ్. శవాలను సాగనంపేవాడు ఎవాన్స్ ద డెత్. ఇంటిపేర్లే కాదు, భాషకూ కష్టం వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో చాలా బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క వేలాడదీసి శిక్షించేవారు. చర్చి పుస్తకంలో జాన్ అని రాసిన పిల్లవాడు మాత్రం ఇంటి గడప దాటి లోపలికి వస్తే షోన్‌గానే ఉండేవాడు. కాగితం మీద పోయిన భాషను పిలుపు కాపాడింది. నీ బిడ్డ పిలుపు పేరును వెల్ష్‌లోనే ఉండనివ్వమని నేను ఇంతగా అడిగేది ఇందుకే. గ్రిఫిద్‌ను గ్యారీగా, కాట్రిన్‌ను కేటీగా మార్చకండి.

మన వైపు చెవులు కూడా ఉన్నాయి కదా. కాకినాడలో మీ అమ్మ, బామ్మ ఆ పేరు ఎలా పలుకుతారో ఇప్పుడే ఆలోచించు. వేల్స్‌ను కాచే పుణ్యపురుషుడు డెవీ. మార్చి 1న ఆయన పండుగ. అంత గొప్ప పేరు అబ్బాయికి పెడితే మనవాళ్ళకు దేవి అని వినిపించి ఆడపిల్ల అనుకుంటారు. కాట్రిన్ అందమైన పేరు, కానీ దాని పిలుపు కాడి. మారి అంటే ఇక్కడ మేరీ, మన పల్లెలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. ఇవి పెట్టకూడదని కాదు. పెట్టేటప్పుడు తెలిసి పెట్టుకో. రీస్ అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపితే మా మరిది కొడుకులు రైస్ అని చదివారు. అందుకని ఉత్తరంలోనైనా వాట్సాప్‌లోనైనా పేరును తెలుగులో రాసి పంపు. డావిద్ చివర రెండు డీలు కలిసి పలికే ధ్వని ఇంగ్లీషువాళ్ళకు ఎలా ఉన్నా, మన 'ద'కు చాలా దగ్గర. నీకు కష్టం పెట్టేది రెండు ఎల్‌లు కలిసే అక్షరం ఒక్కటే. నాలుక కొనను 'ల' దగ్గర ఆనించి పక్కలనుంచి గాలి వదలాలి. బిడ్డకు అది ఆటలా వచ్చేస్తుంది, నువ్వూ దానితోపాటే నేర్చుకుంటావు.

రాత విషయంలో పట్టుగా ఉండు. ఆడపిల్లకు బ్రాన్‌వెన్ అని రాయాలి. చివర 'విన్' అని రాస్తే వెల్ష్ కంటికి అది మగరూపం. వేల్స్ బయట ఎందరో ఆడపిల్లలకు అలా రాసేస్తున్నారు, మీరు రాయకండి. షాన్, షోన్ పేర్లలో అచ్చు మీద చిన్న పైకప్పులాంటి గుర్తు ఉంటుంది. పాస్‌పోర్టులో యంత్రం చదివే వరుసలోకి అది ఎక్కదు. అయినా జనన పత్రంలో మాత్రం వేయించండి.

నా మనసులో మాట అడిగావు కనుక చెబుతున్నాను. ఆడపిల్లయితే గ్వెన్‌లియన్. అల్లుడుగారి జిల్లాలోనే కిడ్వెలీ దగ్గర 1136లో నార్మన్ల మీదికి సైన్యాన్ని నడిపి ప్రాణమిచ్చిన రాణి పేరు అది. 1282లో పుట్టి, ఏడాది నిండకముందే తల్లినీ తండ్రి లెవెలిన్‌నూ పోగొట్టుకున్న రాజకుమారి పేరు కూడా అదే. ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ ఆ పసిదాన్ని లింకన్‌షైర్‌లోని సెంప్రింగమ్ మఠానికి పంపేశాడు. 1337లో కన్నుమూసేదాకా అక్కడే ఉంచారు. 2009లో ఎరరీ కొండల్లో ఒక శిఖరానికి ఆమె పేరు పెట్టారు. ఆ పిల్లను ఎత్తుకుని పెంచే భాగ్యం ఆ తల్లికి లేకపోయింది. ఆ పేరున్న పిల్ల మన ఇంట్లో గారాబంగా పెరిగితే చూడాలని నా కోరిక. పిలవడానికి గ్వెన్ ఉంది. కాకినాడలో ఎవరికీ నోరు తిరగకపోవడమనేది ఉండదు. మగపిల్లాడైతే గ్రిఫిద్, ఇంట్లో గిటో.

ఇంగ్లండులోలాగే వేల్స్‌లో కూడా జననం 42 రోజుల్లో నమోదు చేయించాలి. మనం బారసాల ఇరవై ఒకటో రోజున చేసుకున్నా ఇంకా గడువుంటుంది. నక్షత్రం ప్రకారం అక్షరం కావాలని మీ నాన్న అంటే, ఆ పేరు చెవిలో చెప్పి, బియ్యంలో వెల్ష్ పేరు తెలుగు అక్షరాలతో రాయించు. ఎవరి ముచ్చటా తీరకుండా పోదు.

ఒక్క పని మాత్రం ఇప్పుడే చెయ్యి. మీ అత్తగారిని అడుగు. దక్షిణ వేల్స్ కనుక మీ బిడ్డకు ఆమె మామ్‌గీ, అంటే నానమ్మ, అవుతుంది. ఇక్కడి పాత కుటుంబాల్లో బైబిలు మొదటి పుటల్లో పుట్టినవాళ్ళ పేర్లు వరసగా రాసుకునే అలవాటు ఉండేది. వాళ్ళింట్లో అలాంటిది ఉంటే తీసి చూపించమను. దానిలో పెద్ద పేర్లే ఉంటాయి. ఎవరిని ఏమని పిలిచేవారో ఆమె నోటినుంచే వినాలి. వచ్చే ఆదివారం భోజనానికి వెళ్ళినప్పుడు కాగితం, కలం తీసుకువెళ్ళు.

నీ పెద్దమ్మ