బొట్టు గుంటయితే?

పోలిక ఎక్కడుంటుందండీ, ముఖంలోనా, చూసేవాళ్ల మనసులోనా? శంషాబాద్‌లో ఓ చెక్కపని షెడ్డులో సీఎన్‌సీ రౌటర్ ఓ అమ్మమ్మగారి ఫోటోని టేకుపలక మీద చెక్కుతుంటే చూశాక ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది.

ఆ యంత్రానికి ముఖం తెలీదు. ఫోటోలోని తెలుపు మిట్ట, నలుపు పల్లం, అంతే. ఆ లెక్కన నెరిసిన జుట్టు ముక్కును మించిన కొండ. నిండు కుంకుమబొట్టు నుదుటిమీద గుంట! అందుకే ముందుగా ఓ మనిషి కంప్యూటర్ దగ్గర కూర్చుని ముక్కూ చెంపా దిద్దాలి. పాపం, అతనికీ ఆవిడెవరో తెలీదు. "ముడతలు తీసేయమంటారా?" అంటాడు. తీసేస్తే అందంగానే ఉంటుంది, ఇంకెవరో ఆవిడలాగా.

ఆ చేరువలోనే ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహాన్ని 2022లో ఆవిష్కరించారు. ఆయన కాలంలో ఫోటోలెక్కడివి? అయినా భక్తులు ఇట్టే పోల్చుకుంటారు. తరతరాలుగా తలచుకుంటూ వచ్చినవాళ్లకు ఫోటోతో పనేముంది?

ఆ ముడతలు ఎందుకొచ్చాయో తెలిసినవాళ్లే "ఉంచవయ్యా" అనగలరు. అలాంటివాళ్లు ఇంట్లో ఒక్కరైనా ఉండగానే పలక చెక్కించుకోవడం మంచిది. ఏమంటారు?