మరచిపోయే ఇల్లాలు దోషియేనా?

ఆర్మూరులో పసుపు ఉడికించే రోజులు. ఆ హడావుడిలో ఇల్లాలు పొయ్యిమీద పాలు మరచిపోతే బాధ్యత లేదంటాం. ఒక్క మాటకే కన్నీరు పెట్టుకుంటే సబ్ర్ లేదని తీర్పు చెబుతాం.

ప్రతి మరుపూ జబ్బు కాదు. కాని ఏడీహెచ్‌డీ ఉన్నవారికి బాల్యం నుంచే ధ్యాస నిలవదు. చాలామందిలో కోపం, దుఃఖం చప్పున పొంగుతాయి. ఆడపిల్లల్లో అల్లరి తక్కువగా కనబడటంతో తరచూ ఎవరూ గుర్తించరు. వారు తమనే నిందించుకుంటారు.

మరి ఆమెకు బాధ్యతే లేదా? ఉంది. నోరు జారితే క్షమాపణ కోరాలి, చికిత్స పొందాలి. అయితే సంకల్పాన్ని చూసే ధర్మం మనది. అశక్తతను దుర్బుద్ధిగా లెక్కించడం అన్యాయం. వైద్యుని వద్దకు తీసుకెళదాం. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీమానస్ 14416కు ఫోన్ చేద్దాం. సబ్ర్ ఆమెకే కాదు, మనకూ అవసరమే.