సర్కారు సొమ్ముతో కట్టిన హాలు ఎవరిది?

కార్వాన్ అంటే బిడారు. ఆ పేటలో 1671లో మూసా ఖాన్ కట్టించిన టోలీ మస్జిద్‌కు దమ్డీ మస్జిద్ అని మరో పేరుంది. మక్కా మస్జిద్ నిర్మాణానికి ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ చొప్పున పర్యవేక్షకుడైన ఆయనకు ముట్టేదనీ, ఆ దమ్డీలతోనే దీన్ని కట్టించాడనీ జనం చెప్పుకుంటారు. పాలకునికి తెలిసి, ముందే కుదిరిన దమ్డీ అయితే అది వేతనం. నేడు చీకట్లో చేతులు మారే ‘పర్సెంటేజీ’ మాత్రం ఖియానత్. జకాత్ వసూలుకు వెళ్ళిన వ్యక్తి కొంత సొమ్మును తనకొచ్చిన కానుకగా పక్కన పెట్టుకుంటే, ఇంట్లో కూర్చుని ఉంటే అవి వచ్చేవా అని దైవప్రవక్త (స) నిలదీశారు.

ఇక కమ్యూనిటీ హాలు సంగతి. ఇరుకు గల్లీలో రెండు గదుల ఇల్లు, ఆడపిల్ల నికాహ్, ఫంక్షన్ హాలు అద్దె కోసం వడ్డీకి అప్పు. ఈ బాధ తెలిసినవారెవరూ హాలు అనవసరమనరు. కానీ జకాత్‌తో దాన్ని కట్టలేము. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ అర్హుడైన పేదవాని సొంతం కావాలి. గోడలు దాన్ని స్వీకరించలేవు. కనుక ప్రభుత్వ నిధులు అడుగుతాం. అడగడం మన హక్కే.

అయితే “మా నాయకుడు తెచ్చాడు, ఇది మన హాలు” అనే మాట మాత్రం మేము ఒప్పుకోలేము. 1993లో మొదలైన ఎం.పీ. నిధుల పథకాన్నే చూడండి. అందులో సభ్యుడు పనిని సిఫారసు మాత్రమే చేస్తాడు. ప్రార్థనా స్థలాల్లో, మత సంస్థల స్థలాల్లో ఆ సొమ్ముతో కట్టడానికి వీల్లేదు. సబ్బు కొన్న ప్రతివాడూ కట్టిన పన్ను అది. పక్క గల్లీ హిందూ సోదరుడూ కట్టాడు.

“వారి పెళ్ళిలో వారి ఆచారాలు జరుగుతాయి కదా, ఆ పాపం మనకు అంటదా?” అని కొందరు సంకోచిస్తారు. హాలు మన ఆస్తి అయితే కదా మనం ఇచ్చినట్లు! వారు తమ వాటాను తాము వాడుకుంటున్నారు. తాళంచెవి దాచి వారిని తిప్పి పంపడమే పరుల హక్కును కబళించడం. సొంత మాట వచ్చినప్పుడు బైతుల్ మాల్ దీపాన్ని ఆర్పించిన హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ)ను జుమా ప్రసంగాల్లో తలచుకునే మనం, హాలు బుకింగ్‌లో బంధువుల పేర్లు ముందుకు జరపవచ్చా?

మేము కమిటీలవారిని కోరేది చిన్న పని. ఎవరు ఏ తేదీ అడిగారో, ఎంత కట్టారో రాసే రిజిస్టరును నాయకుని ఇంట్లో కాకుండా హాలులోనే, అందరికీ కనబడేలా ఉంచండి.