గజం ధరకు హేతువేది?

భూమి ధర రేపు ఎంత పలుకుతుందో అంచనా కట్టడం లెక్కల పని అనుకుంటాం. అంతకంటే ముందు అది తర్కం పని. ‘పదేళ్లుగా పెరుగుతోంది, కనుక ఇకమీదటా పెరుగుతుంది’ అనే మాట ఒక హేతువును చూపి సాధ్యాన్ని నిలబెట్టబోతోంది కాబట్టి, అనుమాన ప్రమాణానికి ఉన్న పరీక్షలన్నీ దానికీ వర్తిస్తాయి. న్యాయ దర్శనంలో అడుగుపెట్టేవారు నేటికీ మొదట చదివే తర్కసంగ్రహంలో, ఆంధ్రుడైన అన్నంభట్టు ఒక దొంగ హేతువును చూపించాడు: కొండ మీద నిప్పుంది గనుక పొగ ఉంది. ఎర్రగా కాలిన ఇనుప గుండులోనూ నిప్పుంటుంది, పొగ మాత్రం రాదు. నిప్పుకు తడి కట్టె తగిలితేనే పొగ. పైకి కనబడని ఈ షరతుకే నైయాయికులు ఉపాధి అని పేరు పెట్టారు.

అమరావతిలో ఆ తడి కట్టె రాజకీయ నిర్ణయం. 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు ఇచ్చారు. మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నది ఒప్పందం. ఆ గజాల విలువ మట్టిలో లేదు, రాబోయే సచివాలయంలో ఉంది. 2015 అక్టోబరులో రాజధానికి శంకుస్థాపన జరిగింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాడు కరువయ్యాడు. 2024 జూన్ ఎన్నికల ఫలితాలతో ధరలు మళ్లీ లేచాయి. నేల అదే, పక్కన పారే కృష్ణ అదే.

‘ఓపిక పడితే భూమి ఎప్పటికైనా పెరుగుతుంది, కొత్తగా ఎవరూ పుట్టించలేరు కదా’ అంటారు. జపాన్‌లోనూ సరిగ్గా ఇలాగే నమ్మారు. 1990ల ఆరంభం నుంచి అక్కడ భూముల ధరలు పదేళ్లకు పైగా పడుతూనే వచ్చాయి. మాదాపూర్‌ను ఉదాహరణ చూపేవారు, రాళ్లు పాతి వదిలేసిన వెంచర్లను లెక్కలోకి తీసుకోరు. (బ్రోషర్లలో అవి కనబడవు మరి.)

చార్వాకుడు ఇంకా ముందుకు పోయి, హేతువు ఉన్నచోటల్లా సాధ్యం ఉంటుందనే ఏ వ్యాప్తీ నిలవదు, అంచనాలే వద్దంటాడు. అది అతి. సందేహం మన ఆచరణతోనే ఢీకొనే చోట ఆగాలని నైయాయికుడు ఉదయనుడు ఇచ్చిన జవాబు ఇక్కడా చాలు. రేపటి మీద ఏ అంచనా లేకుండా ఎవరూ ఇల్లు కట్టరు, అప్పూ ఇవ్వరు. చిక్కు మరోచోట ఉంది. మనం ఊహించినంత మాత్రాన కొండ మీద పొగ పెరగదు. గజం ధర అలా కాదు, పెరుగుతుందన్న నమ్మకంతో పదిమంది కొంటే నిజంగానే పెరుగుతుంది, ఆ పెరుగుదలే పదకొండోవాడికి సాక్ష్యమవుతుంది. అందుకే ఏటా ఇంత శాతం అని ఒక్క అంకె చేతిలో పెట్టడం సగం మాటే. ఆ అంకె ఏ జీవో మీద, ఏ రోడ్డు మీద, ఎవరి గెలుపు మీద ఆధారపడిందో పక్కనే రాయాలి. ఆ ఆధారం తప్పితే ధర ఎక్కడిదాకా దిగుతుందో కూడా.