ప్రథమపురుషుని హక్కు

భద్రాద్రి కథలలో మిక్కిలి ముచ్చటైనది చెల్లుచీటి కథ. పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో రామునికి గుడి కట్టించి గోలకొండ చెరలో మ్రగ్గుచుండగా, రామలక్ష్మణులు బంటుల వేషమున తానీషా కడకేగి ఆరులక్షల మాడలు చెల్లించి చెల్లుచీటి వ్రాయించుకొనిరని జనులు చెప్పుకొందురు. ఇది చరిత్రయా, భక్తుల కల్పనయా యను విచారముతో నిచ్చట మాకు పనిలేదు. సర్కారుతో వ్యవహారము పడినపుడు దేవుడంతటివాడును కాగితము లేక కదలలేదని గ్రహించిన జనుల బుద్ధి మాత్రము మెచ్చదగినది. ఆ స్థలకథలోనే విగ్రహములను మొదట కనుగొన్నది పోకల దమ్మక్క యను అడవిబిడ్డ. ఆమె చేత నే చీటియు లేదు. జనుల నోట నిలిచినందున మాత్రమే ఆమె పేరు మనకు దక్కినది.

చీటి గలవారును లేనివారును ఒక్క యేటి గట్టున బ్రదికిన సీమ యది. ఖమ్మము మెట్టలు దాటి పోయినచో భద్రాచలము, దుమ్ముగూడెము, రేకపల్లి అడవులు వచ్చును. ఈ గోదావరి తీరము 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయుల చేతికి పోయెను. 1874లో మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలో చేరెను. 1959లో ఖమ్మము జిల్లాలో కలిసెను. 2014లో రెండు రాష్ట్రముల నడుమ చీలెను. చేయి మారిన ప్రతిసారియు కాగితములు పుట్టినవి. అడవిలో నున్న కోయవానిని, కొండరెడ్డిని అడిగి పుట్టిన కాగితములు మాత్రము మిక్కిలి యరుదు.

వారిని గూర్చి వ్రాసినవారు లేకపోలేదు. గోదావరిపై పడవల రాకపోకలకై పనులు నడపిన హేగ్ దొర ప్రోత్సాహమున దుమ్ముగూడెమున క్రైస్తవ మిషను వెలసెను. ఆ పడవల పని 1871లో ఆగిపోయినను మిషను నిలిచెను. అచ్చట చిరకాలము వసించిన జాన్ కెయిన్ కోయల యాచారములను, భాషను గూర్చి 1876 మొదలు ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో వ్రాసెను. ఆయనను పంపిన చర్చి మిషనరీ సొసైటీ వారి లేఖాసంచయము నేడు ఇంగ్లాండులోని బర్మింగ్‌హాము విశ్వవిద్యాలయమున నున్నది. పిదప, ఆస్ట్రియా దేశీయుడగు హైమెన్‌డార్ఫ్ పండితుడు రెండవ ప్రపంచ యుద్ధకాలమున శత్రుదేశీయుడుగా నెంచబడి హైదరాబాదు రాజ్యమున నిలిచిపోయి, పాపికొండల నడుమ కొండరెడ్ల చెంత నివసించి, 1945లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన దినచర్యలు, నోటుపుస్తకములు, ఉత్తరములు, ఛాయాచిత్రములు లండనులో నాయన బోధించిన ‘సోయాస్’ విద్యాలయమున భద్రముగా నున్నవి.

ఇట్టి లేఖలు ఎవరి సొత్తు? న్యాయశాస్త్రము చక్కని విభాగమునే చేసినది. కాగితము అందుకొన్నవానిది, మాటలపై హక్కు వ్రాసినవానిది, వారు గాని వారి వారసులు గాని యప్పగించినచో భద్రపరచు భారము విద్యాలయముది. ముగ్గురితో లెక్క ముగిసినది. ఎవరిని గూర్చి వ్రాయబడినదో ఆ నాలవవానికి ఈ పంపకమున చోటు లేదు. మన వ్యాకరణము పలుకువానిని ఉత్తమపురుషమనియు, వినువానిని మధ్యమపురుషమనియు, ఎవరిని గూర్చి పలుకుదుమో వానిని ప్రథమపురుషమనియు వ్యవహరించును. ఆంగ్ల వ్యాకరణము వానినే మూడవవానిగా నెంచును. పేరునకు ప్రథముడైనవాడు హక్కునకు కడపటివాడుగా నైనను మిగులకపోవుట ధర్మమా యనునదే మా ప్రశ్న.

లేఖ వట్టి ముచ్చటయైనచో ఈ ప్రశ్నకు బలము లేదు. కాని యధికారము గలవారి నడుమ నడచు లేఖ తాను చెప్పు మనుష్యుని బ్రతుకును మార్చును. రేకపల్లి సీమ మధ్యపరగణాలలో నున్నంతకాలము పోడు చేసికొనువాడు గొడ్డలికి నాలుగణాలు పన్ను కట్టెడివాడు. మద్రాసు ప్రభుత్వము వచ్చిన పిమ్మట పన్ను మూడింతలయ్యెను. కొన్ని యడవులలో గొడ్డలి వేయుటయే నిషిద్ధమయ్యెను. ఇదంతయు కచేరీల నడుమ నడచిన వ్రాతల ఫలితము. ఆ వ్రాతలు వాని కండ్ల బడలేదు, బడినను చదువలేడు, చదివినను ప్రత్యుత్తరమునకు విలాసము లేదు. 1879లో రంపలో పుట్టిన పితూరి రేకపల్లికిని ప్రాకెను. ఉత్తరముతో చెప్పుకొనుటకు దారి లేనివాడు తిరుగుబాటుతో చెప్పుకొనెను.

వ్రాతవలన మేలును కలుగవచ్చును. కలప వర్తకుల యప్పులలో, చౌక కూలిలో కొండరెడ్లు చిక్కిన తీరును హైమెన్‌డార్ఫ్ స్పష్టముగా వ్రాసెను. 1945లో నిజాము ప్రభుత్వమువా రాయనను గిరిజనుల విషయమున సలహాదారుగా నియమించిరి. ఆదిలాబాదు గోండులకు బడులును, భూమిపట్టాలును కల్పించు యత్నములలో నాయన కృషి ప్రసిద్ధము. కీడు చేసిన వ్రాతయు, మేలు చేసిన వ్రాతయు ఒక విషయమున సమానములే: రెండును ఎవరిని గూర్చినవో వారిని దాటి పోయినవి. దయతో వ్రాసినంత మాత్రమున, వారిని విననక్కరలేదనుట పొసగదు.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. ఆ విద్యాలయములే లేకున్నచో ఈ కాగితములు చెదలకును, చెమ్మకును ఏనాడో బలియై యుండెడివి గదా యని. నిజమే, కాపాడినవారికి కృతజ్ఞత చూపవలసినదే. కాని కాపుదల ఋణమును తీర్చదు, నిలిపియుంచును. పొరుగువాని ధాన్యమును మన గాదెలో పోసి కాచినచో మెప్పు మనది, ధాన్యము వానిది.

రెండవ యాక్షేపణ బలవత్తరము. ప్రథమపురుషునకు హక్కిచ్చినచో, ప్రతివాడును తన పూర్వుల నింద యున్న పుటలను చింపుమనును. ఇక చరిత్రయే మిగులదని. ఇందులకు మా సమాధానమిది. తెలిసికొనుటకు హక్కు వేరు, తుడిచివేయుటకు హక్కు వేరు. మేము మొదటిదానినే కోరుచున్నాము. దానితో మారుపలుకుటకు హక్కును కోరుచున్నాము. లేఖయందు తిరస్కారముండిన నుండనిండు. దానిని మరుగుపరచినచో కాపాడబడునది వ్రాసినవాని పేరే గాని, అందు నిందింపబడినవాని గౌరవము గాదు. ఇక రోగములు, ఇంటి కలహములు, ఆడువారి మర్యాదకు సంబంధించిన సంగతులు పేర్లతో సహా వ్రాయబడియున్నచో, వానిని లోకమున కెక్కించుటకు ముందు ఆ కుటుంబములవారికి వినిపించి వారి మాట తీసికొనుట న్యాయము. పరుల యింటి తలుపు తట్టి పోవలెనని మనకందరకు తెలియును. పల్లె గుడిసెకు తలుపు లేనంత మాత్రమున ఆ నియమము చెడదు.

మారుపలుకుటకు వారికి సాధనము లేదని యెవ్వరును తలపరాదు. కోయలలో డోలివారు పడిగె యను చిత్రవస్త్రమును ముందుంచుకొని వంశకథలు పాడుదురు. మణుగూరు ప్రాంతమున కంచుమేళముతో సమ్మక్క సారలమ్మల కథలను పాడిన సకిని రామచంద్రయ్యగారు 2022లో పద్మశ్రీ పురస్కారమును పొంది, 2024లో గతించిరి. అదియు నొక లేఖాగారమే. కాపరి పోయినచో మూతపడునట్టిది. పోలవరము ముంపు పట్టికలో నెక్కిన కొండరెడ్డి, కోయ గ్రామములు పెక్కు. ఊరు లేచిపోయిన పిమ్మట ఆ ఊరిని గూర్చి మిగులునది పరులు వ్రాసిన వ్రాతయొక్కటే యైనచో, మునిగినవారు రెండుమారులు మునిగినట్లే.

కావున చేయవలసిన పని తేటగానే యున్నది. హైమెన్‌డార్ఫ్ తీసిన ఛాయాచిత్రములు పెక్కు నేడు అంతర్జాలమున చూడనగును. ప్రతులు తీయుట పూర్వమువలె కష్టము గాదు. కాని యవి ఇంగ్లీషు పేరులతో వెదకువారికే దొరకును. పాపికొండలలో తన తాత ముఖము నొక పటమున నున్నదని యెరుగని మనుమనికి ఆ పటము తెరచియున్నను మూసినట్లే. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలము కళాశాలలవారు ఆ వ్రాతల ప్రతులను తెప్పించి తెనిగించి, కోయపల్లెలలో వారి భాషలోనే చదివి వినిపింపవలెను. విన్న వృద్ధులు ‘ఇది నిజము, ఇది తప్పు, ఇది మా యమ్మమ్మ వేరుగా చెప్పినది’ యని పలుకు మాటలను వ్రాసికొని, మూలలేఖ ప్రక్కనే, అదే సంఖ్యతో, అదే గౌరవముతో భద్రపరుపవలెను. రాబోవు పరిశోధకుడు ఒకటి తెరచినపుడు రెండవదియు చేతికి రావలెను.

ఈ ధర్మము దూరపు దొరలకే గాదు. సంస్కారమును గోరు మన యిండ్లలోను వ్రాతపని యెక్కువ. పనిమనుషులను గూర్చి, చదువు మానిన పిల్లలను గూర్చి, వితంతువులను గూర్చి, వెనుకబడినవారని మనము పేరిడినవారిని గూర్చి పత్రికలకును, సంఘములకును, బంధువులకును వ్రాయుచునేయుందుము. వారి మేలు కోరియే వ్రాయుదుము. అయినను వ్రాసినదానిని మడిచి పంపుటకు ముందు ఒక్కమారు తలచుకొనవలసినది కలదు: ఈ వాక్యమును ఆమె యెదుట కూర్చుండి బిగ్గరగా చదువగలమా? చదువలేని వాక్యమును దిద్దవలెను. లేదా యామెను పిలిచి యడుగవలెను.